‘పంపు కారుచుండె’: ఒక రిటైర్డ్ సూపరింటెండెంటు కేసు, నేను ఆలస్యంగా చూసిన సగం

రాజమండ్రిలో కౌన్సెలింగ్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. ఈ కేసులోని మనుషుల వయసు, ఉద్యోగం, ఇంటి సంగతులు గుర్తుపట్టకుండా కొంత మార్చాను. రాయడానికి భార్యాభర్తలిద్దరూ ఒప్పుకున్నారు. ఆవిడ మాత్రం ఒక షరతు పెట్టారు. అదేమిటో చివర్లో తెలుస్తుంది.

ఆయన ఒక ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటుగా 62 ఏళ్లకు రిటైరయ్యారు. జులై నెలాఖరున శాలువా, దండ, జీపులో ఇంటిదాకా ఊరేగింపు. మార్చిలో నా దగ్గరికి వచ్చారు. తీసుకొచ్చింది భార్య. ఆయన అన్న మొదటి మాట: "నాకేం రోగం లేదండి. ఈవిడే కంగారు పడుతోంది."

తెల్లవారుజామున మూడున్నరకి మెలకువ. ఫోను. ఏడింటికి పేపరు, ఒకే వార్త మూడుసార్లు. పదింటికి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని హాల్లో కుర్చీలో కూర్చోవడం. ఇది ఆవిడ చెప్పిన వివరం. పెన్ను సంగతి చెప్పేటప్పుడు ఆవిడ గొంతు కొంచెం జీరబోయింది.

డిప్రెషన్ ఎంత ఉందో కొలిచే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నల ఫారం ఇచ్చాను. స్కోరు ఎంత పెరిగితే దిగులు అంత ఎక్కువ. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. ఆయనకు 13 వచ్చింది, అంటే మధ్యస్థ స్థాయి. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకి సున్నా. అయినా నోటితో మళ్లీ అడిగాను. లేదన్నారు. షుగరు ఉంది, మాత్రలు వాడుతున్నారు. థైరాయిడ్, బి12 పరీక్షలు చేయిస్తే తేడా ఏమీ కనపడలేదు. సైకియాట్రిస్టుకి చూపిస్తే, ఇప్పటికి మందు వద్దు, కౌన్సెలింగ్ సాగనివ్వండి, పెరిగితే పంపండి అన్నారు.

మొదటి సెషన్లోనే ఒక చిన్న ఆట ఆడించాను. 1950లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అధ్యక్షోపన్యాసంలో సృజన గురించి మాట్లాడి, ఆ రంగం వైపు జనాన్ని మళ్లించిన గిల్‌ఫర్డ్ పేరు మీద ఉన్న పరీక్ష అది: మామూలు వస్తువు ఒకటి ఇచ్చి, దీన్ని ఇంకా ఎన్ని రకాలుగా వాడొచ్చు అని అడగడం. నేను పాత కాలెండరు ఇచ్చాను. ఆయన ఆలోచించి ఆలోచించి నాలుగు చెప్పారు. పుస్తకాలకు అట్టలు, అరల్లో పరవడం, పొట్లాలు కట్టడం, వెనకవైపు లెక్కలు రాసుకోవడం.

పక్కన కుర్చీలో ఆవిడ చేతిసంచీ సర్దుకుంటూ, ఎవరూ అడక్కుండానే అందుకున్నారు: "జాకెట్టు కొలతకి కత్తిరించుకోవచ్చు. మనవడికి పడవ. నూనె డబ్బా కింద జిడ్డు అంటకుండా. అద్దం తుడవడానికి. కిటికీ పగిలితే అతికించడానికి. ఆ అంకెలు కత్తిరిస్తే పిల్లలకి హౌసీ ఆటకి..." పదకొండు దాకా వెళ్లారు. నేను నవ్వి, ఫైల్లో "భర్త: 4" అని రాసుకున్నాను. ఆ పదకొండు ఎక్కడా రాయలేదు. ఈ కేసులో నా మొదటి తప్పు అదే. అది తెలియడానికి ఐదు నెలలు పట్టింది.

రెండో తప్పు మొక్కలు.

మనసు బాగుపడ్డాక పనిలో దిగడం కాదు, పనిలో దిగితే మనసు దాని వెనక వస్తుంది అన్నది మేం వాడే ఒక పద్ధతి. బిహేవియరల్ యాక్టివేషన్ అంటాం. రిటైరైనవాళ్లు అనగానే మాబోటివాళ్లకు మేడమీద తోట తడుతుంది. పైగా కడియం నర్సరీలు పక్కనే. ఏప్రిల్లో పన్నెండు గ్రోబ్యాగులు, టమాటా, వంగ, రెండు గులాబీలు తెచ్చుకున్నారు. మే రెండో వారానికి మేడమీద మిగిలింది ఒక్క కలబంద. గోదావరి పక్కనే ఉన్నా రాజమండ్రి మే ఎండ ఎవర్నీ వదలదు. అయితే ఎండ ఒక్కటే కారణమని నేననుకోను.

ఆయన ఒక రిజిస్టరు పట్టుకొచ్చి చూపించారు. అడ్డగీతలు, నిలువుగీతలు, ఎర్ర సిరాతో శీర్షికలు: తేదీ, మొక్క, పోసిన నీళ్లు లీటర్లలో, రిమార్కులు, సంతకం. సంతకం కూడా పెట్టారు, ప్రతిరోజూ. ఆఖరి పేజీలో "పై మొక్కలు చనిపోయినవి" అని రాసి, కింద తేదీ వేసి, గీత కొట్టేశారు.

నవ్వు ఆపుకున్నాను గానీ లోపల ఏదో కలుక్కుమంది. ఆయనకి నేను ఇంకో డ్యూటీ వేశానంతే. అందులో ఆయన తేల్చుకోవాల్సింది ఏదీ లేదు. ఎప్పుడు నీళ్లు పోయాలో, ఎంత పోయాలో నర్సరీవాడు చెప్పాడు, ఈయన పాటించారు. ఆ వారం స్కోరు 14.

మరి ఆ రిజిస్టరు? ఇంటికెళ్లాక కూడా అదే కళ్లముందు మెదిలింది. ఆ గీతలు గీసిన తీరులో ప్రాణం ఉంది. మనసుకి తోచింది చెయ్యండి, స్వేచ్ఛగా ఉండండి అని ఈ మనిషికి చెప్పడం దండగ. ఆయనకి ముందు గీత కావాలి. గీత ఉంటే దాని లోపల ఏం నింపాలో చూసుకుంటారు.

ఆరో సెషన్లో చిన్నప్పటి సంగతులు అడుగుతుంటే శ్రీరామనవమి పందిళ్లు వచ్చాయి. పౌరాణిక నాటకం, పడక సీను, తెల్లారేదాకా హార్మోనియం, వన్స్‌మోర్లు. పద్యాలు ఇప్పటికీ నోటికొచ్చునన్నారు. ఆ తరంలో చాలామందికి వచ్చు కాబట్టి నేను పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత అన్న మాటకి మాత్రం పెన్ను పక్కన పెట్టాను. "మా తెలుగు మాస్టారు గణాలు విడగొట్టించేవారండి. య మా తా రా జ భా న స ల గం. లెక్కల కన్నా బాగుండేది."

నాకు ఛందస్సు, అంటే పద్యంలో అక్షరాల కొలత, పదో తరగతితోనే సరి. చెప్పండి అన్నాను. నా నోట్‌ప్యాడ్ లాక్కుని, సాగదీసి పలికే గురువుకి U, పొట్టిగా పలికే లఘువుకి I వేసి, ఆటవెలది అనే పద్యం కొలత చెప్పారు. ఆ గురులఘువుల చిన్న గుంపే గణం, వాటిలో సూర్యగణాలు, ఇంద్రగణాలు అని రకాలు. నాలుగు పాదాలు. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, వాటి తర్వాత రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరానికి పాదం మొదటి అక్షరంతో యతి కుదరాలి, అంటే రెండింటి ధ్వనీ కలవాలి. ఇరవై నిమిషాలు మాట్లాడారు. అంతకుముందు ఐదు సెషన్లలో ఆయన మాట్లాడింది అంతా కలిపినా అంత ఉండదు.

"మీరెప్పుడైనా రాశారా?"

"మేం రాయడమేంటండి! నన్నయగారి ఊళ్లో కూర్చుని."

ఇది చాలామంది దగ్గర విన్న మాటే, వేరే రూపంలో. సృజన అంటే మహాకవులదో, మహా శాస్త్రజ్ఞులదో అని. దీనికి నాకు పనికొచ్చే ఒక మెట్ల లెక్క ఉంది. కాఫ్‌మన్, బెగెటో అనే ఇద్దరు 2009లో చెప్పింది. పై మెట్టు లోకాన్ని మార్చే సృజన. దాని కింద వృత్తి నిపుణులది. ఇంకా కింద ఇంట్లో, వీధిలో రోజూ చేసేది. అట్టడుగున, ఇంకొకరికి కనపడను కూడా కనపడనిది, మనకి మనమే ఒక కొత్త పోలిక పట్టుకున్నప్పుడు లోపల జరిగేది. నన్నయ పై మెట్టు మీద ఉంటే ఉండనివ్వండి, మీరు కింది రెండింటిలోనే తిరగండి అన్నాను. "అంటే గుమస్తా గ్రేడన్న మాట" అన్నారు. అవునన్నాను. ఆ పోలికతో ఆయన తేలిగ్గా ఒప్పుకున్నారు.

షరతులు ఇద్దరం కలిసి రాసుకున్నాం. రోజుకి ఒక్క ఆటవెలది, రాత్రి భోజనం లోపు. ఆ రోజు ఇంట్లో కళ్లారా చూసినదాని మీదే. దేవుడు, దేశం, నీతి మూడూ నిషేధం. ఇది నా పట్టు. ఎందుకంటే ఆ మూడింటికీ తయారుగా ఉన్న పాదాలు మనందరి నాలుక చివర వేలాడుతుంటాయి. పద్యం నడుస్తుంది గానీ మనిషి కదలడు. "అవి తీసేస్తే ఇంకేం మిగులుతాయండి?" అని అడిగారు. పంపు, పాలవాడు, పెరుగు అన్నాను, నోటికొచ్చినట్టు.

మూడు రోజుల తర్వాత పంపు మీదే రాసుకొచ్చారు. నిజంగానే కారుతోందట.

పంపు కారుచుండె బాత్రూములో నేడు
ప్లంబరునకు ఫోను, పలుకడతడు
రెండు రోజులాయె రేయెల్ల టపటప
నిద్ర లేదు నాకు నీటి వలన

గొప్ప పద్యమేం కాదు. కానీ అది ఎలా వచ్చిందో ఆయన చెప్పిన తీరు నా నోట్సులో రెండు పేజీలుంది. ముందు "కుళాయి" అని మొదలుపెట్టారట. కు-ళా-యి, లఘువు-గురువు-లఘువు, అంటే జ గణం. సూర్యగణాల్లోనూ ఇంద్రగణాల్లోనూ లఘువు వెంటనే గురువుతో మొదలయ్యేది ఒక్కటీ లేదు కాబట్టి పాదం మొదట్లో కుళాయి పట్టదు. గంటసేపు తిరిగి తిరిగి "పంపు" దొరికింది. పం-పు, హాయిగా సూర్యగణం. ఆ వెంటనే యతికి "బాత్రూము" దానంతటదే వచ్చి కూర్చుందట. "ఇంగ్లీషు మాటకి యతి కుదిరిందండి!" అన్నప్పుడు ఆయన ముఖం చూడాల్సింది. రాత్రంతా చిరాకు పెట్టిన టపటప శబ్దం నాలుగు లఘువుల ఇంద్రగణం అని తెలిశాక ఆ రాత్రి దాన్ని వింటూ నిద్రపోయారట. నేను ఇచ్చిన శ్వాస వ్యాయామాలేవీ ఆ పని చేయలేదు.

మొదటి శ్రోత భార్యే. విని ఒకటే ప్రశ్న వేశారట: "నేడు కారుతోందంటారు, రెండు రోజులాయె అంటారు. ఏది నిజం?" ఆయన పాదం చూసుకున్నారు. "నేడు" అక్కడ గణం నింపడానికి పడ్డ మాట. ఆలోచించి "చూడు" అని మార్చారు. బాత్రూములో చూడు. గణం అదే, అబద్ధం పోయింది. ఆ దిద్దుబాటు ఆయన ఎర్ర సిరాతో చేశారు, మొక్కల రిజిస్టరు వెనకవైపు. పద్యాలన్నీ అందులోనే రాస్తున్నారు. సంతకం గడి మాత్రం తీసేశారు.

జులై మధ్యకి స్కోరు 9. తెల్లవారుజామున మెలకువ వస్తూనే ఉంది గానీ ఫోను బదులు గణాలు లెక్కపెట్టుకుంటున్నారు. న్యూజీలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంలో టామ్లిన్ కానర్ బృందం 658 మంది యువతీ యువకుల చేత 13 రోజులు డైరీ రాయించి చూసింది. సృజనతో గడిపిన రోజు మర్నాడు ఉత్సాహం, బతుకు బాగుందన్న భావన పెరిగాయి. ఉత్సాహంగా ఉన్నారు కదా అని మర్నాడు సృజన మాత్రం పెరగలేదు. వాళ్లు కుర్రకారు, ఈయనకి 62. ఆ లెక్క ఈయనకి అతికించను. కానీ ముందు పని, తర్వాత మనసు అన్న వరస ఈయనలోనూ అలాగే కనపడింది.

అప్పుడు వియ్యంకుడు దిగాడు.

ముచ్చటపడి ఒక పద్యాన్ని ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. మొదటి పాదం ఇది: "గ్యాసు బండ వచ్చె ధర చూడ గుండాగె." పిల్లలు దండాల బొమ్మలు పెట్టారు, చదివారో లేదో. వియ్యంకుడు తెలుగు లెక్చరరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన చదివారు. "బావగారూ, భావం బాగుంది, యతి గల్లంతు" అని రాశారు, అందరూ చూసేలా. నిజమే, గ్యా-కీ ధ-కీ యతి కుదరదు. తొమ్మిది రోజులు రిజిస్టరు తెరవలేదు. స్కోరు 12.

తప్పు వియ్యంకుడిది కాదు. షరతుల్లో ఎవరికి చూపించాలి, ఎప్పటిదాకా చూపించకూడదు అన్నది నేను రాయలేదు. మొలక మీద గంప బోర్లించి ఉంచాల్సిన రోజుల్లో నడివీధిలో పెట్టేశాం. ఇప్పుడు ఎవరితో మొదలుపెట్టినా మొదటి నలభై రోజులు ఇంట్లో ఒక్కరికే అని ముందే చెబుతున్నాను.

బయటపడేసింది మళ్లీ ఆవిడే. "యతి పోతే పోయింది, బండ రేటు కరెక్టే కదా" అన్నారట. ఆ మాటకి ఆయన నవ్వి, పదో రోజు కూర్చుని "గ్యాసు బండ వచ్చె కాసులే రాలగా" అని దిద్దారు. వియ్యంకుడికి పంపలేదు. నాకు చూపించారు.

ఆగస్టులో ఆవిడ ఒంటరిగా వచ్చారు. అపాయింట్‌మెంటు లేదు. ఈ సెషన్ గురించి ఎక్కువ రాయాలి.

"ఆయన రోజుకి నాలుగు లైన్లు రాస్తే నువ్వు ఫైల్లో రాసుకుంటున్నావు కదమ్మా. బాగానే ఉంది, మనిషి తేరుకున్నాడు. కానీ నా సంగతి ఒకటి విను. రాత్రి భోజనం లోపు పద్యం అని నువ్వు పెట్టావు. ఇదివరకు ఆ టైములో కూర్చుని కూరలు తరిగిపెట్టేవాడు. ఇప్పుడు తరగడం లేదు. టేబుల్ దగ్గర కూర్చుని వేళ్లు లెక్కపెట్టుకుంటాడు. నేను కాఫీ మూడుసార్లు వేడి చేస్తాను. విను విను అంటాడు, అక్కడ పోపు మాడుతుంటుంది. నలభై ఏళ్లనించి మూడు పూటలా ఏం వండాలో ఆలోచిస్తున్నాను, ఎవరైనా రిజిస్టరు పెట్టారా?"

నా దగ్గర జవాబు లేదు. ఫైలు తీసి మొదటి పేజీ చూశాను. "భర్త: 4."

ఒక ఇంట్లో ఒకరి సృజనకి వేళ కేటాయిస్తే ఆ వేళ ఎక్కణ్నించో రావాలి. దాన్ని ఎవరి గంటలోంచి కోస్తున్నామో అడక్కుండా నేను ప్లాన్ రాశాను. మా వృత్తిలో ఇది మామూలుగా జరిగే పొరపాటేమో. సంగీతం క్లాసుకి పంపండి, పెయింటింగ్ చేయనివ్వండి అని చెప్పేస్తాం. వెనకాల గిన్నెలు కడిగేది ఎవరో మా ఫారాల్లో గడి ఉండదు.

మీకేం చెయ్యాలనుంది అని అడిగాను. అడ్డంగా తలూపారు. "నాకు కొత్తగా ఏమీ వద్దు. నాకు నేర్పించేవి ఉంటాయా ఇప్పుడు? చేస్తున్నదాన్ని ఎవరైనా ఒకసారి అడగాలి, ఎలా తోచింది అని. అంతే. ఆ, ఇంకోటి. వారానికి ఒక్క రోజు, ఏం వండాలి అనే మాట నా చెవిన పడకూడదు."

తర్వాతి సెషన్‌కి ఇద్దర్నీ రమ్మన్నాను. షరతులు తిరగరాశాం. కూరలు తరిగే పని మళ్లీ ఆయనదే, పద్యం ఆ పని చేస్తూ తలలో కట్టుకోవాలి. గురువారం వంట ఆయనది. ఏం వండాలో తేల్చుకోవడమూ ఆయనదే. రిజిస్టరులో కుడివైపు పేజీ ఆవిడది: రాసేది ఆయన, చెప్పేది ఆవిడ, అడగాల్సిన ప్రశ్న ఒకటే, "ఇది ఎలా తోచింది?" ఆయన "ఆయ్, అలాగేనండి" అన్నారు, కొంచెం గిల్టీగా. మొదటి గురువారం ఉప్మా, రెండో గురువారం ఉప్మా. మూడో గురువారం టమాటా చారు పెట్టారని ఆవిడ నాకు ఫోను చేసి చెప్పారు.

కుడివైపు పేజీల్లో ఒకటి చదివి నేను నిజంగా కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. బీరకాయ తొక్కు పచ్చడి. ఆ రోజు చింతపండు నిండుకుందిట. (అయిపోయింది అనకుండా నిండుకుంది అనే భాష మనది. లోటుని ఇంత చమత్కారంగా పలికే ఇళ్లలో సృజన లేదని ఎలా అనుకుంటామో.) బాణలిలో తొక్కలు వేగిపోతున్నాయి, కొట్టుకి పంపే టైము లేదు. జాడీ అడుగున మాగాయ ముక్కలు రెండు కనపడ్డాయి. పులుపుకి అవి వేశారు. మాగాయలో ఉప్పు ఉంది కాబట్టి పచ్చడిలో ఉప్పు మానేశారు. కారం ఉంది కాబట్టి పచ్చిమిర్చి సగం తీసి పక్కన పెట్టారు. మాగాయలో మెంతిపిండి ఉంటుంది, ఆ చేదుని సరిచేయడానికి నువ్వులు ఒక చెంచా ఎక్కువ. నాలుగు నిర్ణయాలు, తొక్కలు మాడేలోపు. కుళాయిని పంపు చేయడానికి ఆయనకి గంట పట్టింది.

ఈ మాట ఆయనతో అన్నాను. "అదేనండి నేనూ అనుకున్నాను" అన్నారు. ఆయన నా దగ్గర గట్టిగా ఒప్పుకున్న మొదటి విషయం అదేననుకుంటాను.

మొత్తం ఏడు నెలలు, 14 సెషన్లు. అక్టోబరులో స్కోరు 6. ఇదంతా ఆటవెలది మహిమ అని నేను రాయను. అదే కాలంలో గోదావరి గట్టు మీద సాయంత్రం నడక మొదలుపెట్టారు, షుగరు అదుపులోకి వచ్చింది. రిటైరయ్యాక మొదటి ఏడాది గడిచిపోవడమే కొందరికి సగం మందు. మూడున్నర మెలకువ ఇంకా పోలేదు. కొన్ని రోజులు ఫోను కూడా చేతిలోకి వస్తూనే ఉందని ఆవిడ చెప్పారు, ఆయన చెప్పలేదు. ఇంకోటి కూడా ఉంది. పద్యం అందరికీ పడదు. ఇది చూసిన ఉత్సాహంలో ఇంకొకాయనకి ఇదే చెబితే, "నాకు తెలుగులో ఫెయిలయిన పీడకల మళ్లీ వస్తోంది" అని రెండో వారానికే మానేశారు. ఆయనకి సైకిల్ విప్పి బిగించడం కుదిరింది.

ఆఖరి సెషన్‌కి ఇద్దరూ రిజిస్టరుతో వచ్చారు. ఒక పద్యం సగంలో ఉంది. మొదటి పాదం ఆయనది: "బీరకాయ తొక్కు పెరుగన్నమున నంజు." అక్కడ ఆగిపోతే, వంటింట్లోంచి ఆవిడ "పారేసేదే పచ్చడయింది, రాసుకోండి" అన్నారట, వెటకారంగానే. ఆ మాట గణాల్లో పట్టదు. ఆయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి "పారవేయునదియె పచ్చడాయె" చేశారు. యతి కూడా పడింది. పాదం పక్కన బ్రాకెట్లో ఆవిడ పేరు రాశారు. మూడో పాదం, నాలుగో పాదం ఖాళీ.

"వాటి సంగతేంటి?" అన్నాను.

"నన్నడగొద్దు, ఈవిడ ఇంకో మాట అంటే గానీ కదలదు" అన్నారాయన.

ఆవిడ నా ఫైలు వైపు చూసి తన షరతు చెప్పింది అప్పుడే. ఆయన పద్యం రాస్తే తన పచ్చడి కూడా రాయాలి, సరిగ్గా రాయాలి. కాబట్టి: లేత బీరకాయల ఈనెలు గీకేసి, మిగిలిన తొక్కని సన్నగా తరగాలి. నువ్వులు విడిగా దోరగా వేయించుకోవాలి. రెండు చెంచాల నూనెలో ముందు పచ్చిమిర్చి, తర్వాత తొక్కలు, పచ్చివాసన పోయేదాకా. చింతపండు, జీలకర్ర, ఉప్పు, నువ్వులు వేసి రోట్లో కచ్చాపచ్చాగా నూరాలి. మిక్సీ అయితే రెండే తిప్పులు. నేను మొదట వెల్లుల్లి కూడా వేయించాలని రాసుకున్నాను. ఆవిడ నా చేతిలో పెన్ను తీసుకుని కొట్టేశారు. వెల్లుల్లి పచ్చిదే, ఆఖర్న, ఒక్క దెబ్బ.